‘సార్థకం’ అంటే సరిపోతుందా? సాంఖ్యక సార్థకత, చికిత్సా సార్థకత: రెండు పరిశోధనల విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గత పాఠంలో పరికల్పనను పరీక్షించే పద్ధతిని, పి విలువను లెక్కించే తీరును తెలుసుకొన్నారు. పి విలువ 0.05 కంటే తక్కువైతే ఫలితం ‘సార్థకం’ అనీ, ఎక్కువైతే ‘సార్థకం కాదు’ అనీ రాయడం నేర్చుకొన్నారు. పరీక్షలో ఆ జవాబుకు మార్కులు వస్తాయి. అయితే వార్డులో రోగి పడక పక్కన నిలబడినప్పుడు ఆ ఒక్క జవాబు చాలదు. ఎందుకు చాలదో, ఇంకా ఏమేమి అడగాలో రెండు నిజమైన పరిశోధనల ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా మాట విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో ‘సార్థకం’ చాలా బరువైన మాట. జన్మ సార్థకమైంది అంటాం, పేరు సార్థకం చేసుకొన్నాడు అంటాం. అంటే ప్రయోజనం నెరవేరిందని అర్థం. సాంఖ్యకశాస్త్రం ఈ మాటను తీసుకొని చాలా చిన్న పనికి వాడుకొంది. అక్కడ దాని అర్థం ‘కనిపించిన తేడా కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం’ అని మాత్రమే. ఆ తేడా పెద్దదా చిన్నదా, రోగికి మేలు చేసిందా లేదా అన్న సంగతి అందులో లేదు. చదివేవాళ్ళు మాత్రం నిత్యవ్యవహారంలోని అర్థాన్నే మనసులో పెట్టుకొంటారు. ‘ఈ మందు వల్ల ఆయుర్దాయంలో సార్థకమైన పెరుగుదల కనిపించింది’ అన్న వాక్యం చదవగానే మందు బాగా పనిచేసిందనే అనుకొంటారు. ఈ పాఠంలో మనం విమర్శించబోయే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

2. పి విలువ దేనికి జవాబు చెబుతుంది?

రెండు సమూహాల మధ్య నిజానికి ఏ తేడా లేదని, అంటే శూన్య పరికల్పన నిజమని, ఒక క్షణం అనుకొందాం. అలాంటప్పుడు మనకు కనిపించినంత తేడా గాని, అంతకు మించిన తేడా గాని యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యతే పి విలువ. 0.05 అనే హద్దును 1925లో ఆర్.ఎ. ఫిషర్ తన గ్రంథంలో వాడుకకు అనువైనదిగా సూచించాడు. అది ప్రకృతి గీసిన గీత కాదు. పి విలువ ప్రభావ పరిమాణాన్ని గాని, ఫలితపు ప్రాముఖ్యాన్ని గాని కొలవదని అమెరికన్ సాంఖ్యకశాస్త్ర సంఘం 2016లో విడుదల చేసిన ప్రకటనలో స్పష్టం చేసింది.

దీన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. రక్తపోటు ఉన్నవారికి నర్సులు ప్రత్యేకంగా ఆహార సలహాలు ఇచ్చారనుకోండి. సలహా పొందినవారిలో సగటు రక్తపోటు మిగతావారికంటే 1 మి.మీ. తక్కువగా ఉంది. రెండు సమూహాల్లోనూ ప్రామాణిక విచలనం 10 మి.మీ.

ఒక్కో సమూహంలో 100 మంది ఉంటే తేడా తాలూకు ప్రామాణిక దోషం 1.41 అవుతుంది. 1ని 1.41తో భాగిస్తే 0.71 వస్తుంది. పి విలువ సుమారు 0.48. కాబట్టి ‘సార్థకం కాదు’.

ఒక్కో సమూహంలో 1000 మంది ఉంటే ప్రామాణిక దోషం 0.447కు తగ్గుతుంది. నిష్పత్తి 2.24కు పెరుగుతుంది. పి విలువ సుమారు 0.025. కాబట్టి ‘సార్థకం’.

తేడా రెండు చోట్లా అదే 1 మి.మీ. సలహా మెరుగుపడలేదు, రోగికి అదనంగా ఒరిగిందీ లేదు. పెరిగింది ప్రతిరూప పరిమాణం ఒక్కటే.

ఇప్పుడు దీనికి ఎదురు పక్క చూడండి. తేడా 5 మి.మీ. ఉందనుకోండి. ఒక్కో సమూహంలో 25 మంది మాత్రమే ఉంటే ప్రామాణిక దోషం 2.83, నిష్పత్తి 1.77, పి విలువ సుమారు 0.08. అంటే ఐదు రెట్లు పెద్ద తేడాకు ‘సార్థకం కాదు’ అన్న ముద్ర పడింది. ఈ రెండు రకాల పొరపాట్లకూ ఇప్పుడు నిజమైన ఉదాహరణలు చూద్దాం.

3. మొదటి పరిశోధన: పది రోజుల ‘సార్థకత’

క్లోమ క్యాన్సర్ ముదిరిన దశలో బయటపడితే రోగి బతికే కాలాన్ని నెలల్లోనే లెక్కించాల్సి వస్తుంది. దీనికి చాలాకాలంపాటు జెమ్‌సిటబైన్ అనే మందే ప్రధాన చికిత్సగా ఉండేది. దానికి ఎర్లోటినిబ్ అనే బిళ్ళను జోడిస్తే మేలు జరుగుతుందా అని కెనడా క్యాన్సర్ పరిశోధన బృందం నాయకత్వంలో ఒక ప్రయోగం జరిగింది. మొత్తం 569 మంది రోగులు. సగం మందికి జెమ్‌సిటబైన్‌తో పాటు ఎర్లోటినిబ్, మిగతా సగానికి జెమ్‌సిటబైన్‌తో పాటు ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. ఎవరికి ఏది ఇవ్వాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగులకూ వైద్యులకూ తెలియదు. పద్ధతి పరంగా ఇది బలమైన ప్రయోగమే. ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. అంతకు ముందే, 2005 నవంబరులో, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ జంట చికిత్సకు అనుమతి ఇచ్చింది.

ఫలితం ఇది. బతికిన కాలానికి మధ్యగతం ఎర్లోటినిబ్ సమూహంలో 6.24 నెలలు, రెండో సమూహంలో 5.91 నెలలు. పి విలువ 0.038. ముదిరిన క్లోమ క్యాన్సర్‌లో జెమ్‌సిటబైన్‌కు మరో మందును జోడించి ఆయుర్దాయంలో సాంఖ్యకంగా సార్థకమైన పెరుగుదల చూపిన తొలి ప్రయోగం తమదేనని పరిశోధకులు ప్రకటించారు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కాని 6.24లోంచి 5.91 తీసివేసి చూడండి. వచ్చేది 0.33 నెల, అంటే సుమారు పది రోజులు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. విమర్శ అంటే తప్పు పట్టడం మాత్రమే కాదు, ఎదుటి పక్షానికి దక్కవలసింది దక్కనివ్వడం కూడా. మధ్యగతం అనేది సగం మంది మరణించిన నాటి ఒక్క బిందువు. ఆ బిందువు దగ్గర తేడా తక్కువగా ఉండి, తరవాత పెరిగి ఉండవచ్చు. ఈ ప్రయోగంలో ఏడాది పూర్తయ్యే నాటికి బతికి ఉన్నవారు ఎర్లోటినిబ్ సమూహంలో 23 శాతం, రెండో సమూహంలో 17 శాతం. తేడా 6 శాతం. అంటే సుమారు 17 మందికి మందు ఇస్తే ఏడాది నాటికి ఒకరు అదనంగా బతికి ఉంటారు. ‘పది రోజులు’ అన్న ఒక్క అంకెతో ప్రయోగాన్ని ఎగతాళి చేసేవారు ఈ సంగతిని చెప్పరు. మీరు మాత్రం రెండు అంకెలనూ పక్కపక్కన రాయాలి.

అదే న్యాయంతో మరికొన్ని అంకెలనూ చూడాలి. మరణ ప్రమాద నిష్పత్తి 0.82. దాని 95 శాతం విశ్వాసాంతరం 0.69 నుంచి 0.99 వరకు ఉంది. నిష్పత్తి 1 అయితే మందు వల్ల తేడా లేనట్టు. అంతరం పై అంచు 1ని దాదాపు తాకుతోంది. అంటే ఈ సమాచారం చెప్పుకోదగిన మేలుతో ఎంత పొసగుతుందో, దాదాపు శూన్యమైన మేలుతోనూ అంతే పొసగుతుంది. ‘సార్థకం’ అన్న ఒక్క మాట ఈ అనిశ్చితినంతటినీ కప్పేస్తుంది.

రోగి జీవన నాణ్యత సంగతి ఏమిటి? మొత్తం మీద రెండు సమూహాల మధ్య తేడా కనిపించలేదు. విరేచనాల బాధ మాత్రం ఎర్లోటినిబ్ సమూహంలో ఎక్కువైంది. చర్మంపై దద్దుర్లు కూడా ఈ మందుతో తరచుగా వస్తాయి. పట్టికలో ‘విరేచనాలు’ ఒక వరుస మాత్రమే. వార్డులో అది రాత్రిళ్ళు నిద్రలేకపోవడం, పక్కబట్టలు మార్చడం, నీరసం, చర్మం ఒరుసుకుపోవడం. ఈ భారాన్ని దగ్గరుండి చూసేది నర్సులే. అందుకే చికిత్సా సార్థకత మీద నర్సుకు చెప్పదగిన మాట ఉంది.

4. పోల్చి చూడదగిన మరో ప్రయోగం

మరి ఎంత తేడా ఉంటే మేలు అనాలి? ఈ జబ్బులోనే 2011లో ఫ్రాన్స్ నుంచి మరో ప్రయోగం వెలువడింది. నాలుగు మందుల కలయిక అయిన ఫోల్‌ఫిరినాక్స్‌ను జెమ్‌సిటబైన్‌తో పోల్చారు. మొత్తం 342 మంది. మధ్యగతం ఫోల్‌ఫిరినాక్స్‌తో 11.1 నెలలు, జెమ్‌సిటబైన్‌తో 6.8 నెలలు. తేడా 4.3 నెలలు. పి విలువ 0.001 కంటే తక్కువ.

దుష్ఫలితాలు కూడా ఫోల్‌ఫిరినాక్స్‌తోనే ఎక్కువ. తెల్లకణాలు పడిపోయి జ్వరం రావడం 5.4 శాతం మందిలో కనిపించింది. జెమ్‌సిటబైన్‌తో అది 1.2 శాతమే. అయినా ఆరు నెలలయ్యేసరికి జీవన నాణ్యత కోలుకోలేనంతగా దిగజారినవారు ఫోల్‌ఫిరినాక్స్ సమూహంలో 31 శాతం ఉంటే, జెమ్‌సిటబైన్ సమూహంలో 66 శాతం ఉన్నారు. మందు కఠినమైనదే, కాని జబ్బును అదుపులో ఉంచడం వల్ల రోగికి ఎక్కువ కాలం ఊరట దొరికిందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఈ రెండు ప్రయోగాల్లోని రోగులు ఒకే రకంవారు కారు. రెండో ప్రయోగంలో శారీరకంగా కొంత దృఢంగా ఉన్నవారినే చేర్చుకొన్నారు. కాబట్టి రెండు మందుల అంకెలను నేరుగా పోల్చి ఒకటి గొప్పది, ఒకటి కాదు అనకూడదు. మనం గమనించవలసింది వేరే ఉంది. రెండు ఫలితాలకూ ‘సార్థకం’ అన్న ఒకే ముద్ర పడింది. ఒకదాని వెనక పది రోజులున్నాయి, మరొకదాని వెనక నాలుగు నెలలకు పైగా ఉన్నాయి.

ఈ ఇబ్బందిని క్యాన్సర్ వైద్యులూ గుర్తించారు. అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ నియమించిన నిపుణుల బృందం 2014లో కొన్ని లక్ష్యాలను సూచించింది. క్లోమ క్యాన్సర్‌లో కొత్త చికిత్స మేలైనదని చెప్పాలంటే ఆయుర్దాయం మూడు నుంచి ఐదు నెలల వరకు పెరగాలని, రోగుల స్థితిని బట్టి హద్దులు పెట్టింది. ఆ కొలతకు ఎర్లోటినిబ్ ఫలితం చాలా దూరంలో ఉంది.

5. ధర మారితే పి విలువ మారుతుందా?

ఎర్లోటినిబ్ భారతదేశంలో మరో కారణంగా వార్తల్లోకి వచ్చింది. ఈ మందును ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ వాడతారు. దీని పేటెంటు విషయమై రోష్, సిప్లా కంపెనీల మధ్య ఢిల్లీ హైకోర్టులో వివాదం నడిచింది. 2008 నాటి విచారణలో రోష్ బిళ్ళ ఒకటి సుమారు 4,800 రూపాయలు, సిప్లా బిళ్ళ సుమారు 1,600 రూపాయలు అన్న అంకెలు కోర్టు ముందుకు వచ్చాయి. సిప్లా అమ్మకాన్ని వెంటనే ఆపడానికి కోర్టు నిరాకరించింది. ధరల తేడా, ప్రజాప్రయోజనం కూడా ఆ నిర్ణయంలో పరిగణనకు వచ్చాయి. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా కూడా ఈ మందును తయారుచేసి అమ్మింది.

రోజుకు ఒక బిళ్ళ చొప్పున నెలకు లెక్క కట్టండి. ఆనాటి ధరల్లో ఒకటి 1,44,000 రూపాయలు, రెండోది 48,000 రూపాయలు. పి విలువ మాత్రం రెండు ధరల దగ్గరా 0.038 గానే ఉంటుంది. కచ్చితంగా మాట్లాడితే ధర చికిత్సా సార్థకతలో భాగం కాదు. అయితే ‘ఈ మేలు కోసం ఇంత భారం మోయవచ్చా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేం. పొలం అమ్మి మందు కొనాలా అని ఆలోచిస్తున్న కుటుంబానికి ‘ఫలితం సార్థకం’ అని మాత్రమే చెప్పడం సగం నిజం చెప్పడమే. ‘ఏడాది నాటికి బతికి ఉన్నవారు నూటికి పదిహేడుగురి బదులు ఇరవై ముగ్గురు, విరేచనాలు, దద్దుర్లు ఎక్కువ’ అని చెబితే నిర్ణయం తీసుకోవడానికి వాళ్ళకు ఒక ఆధారం దొరుకుతుంది.

6. రెండో పరిశోధన: ‘సార్థకం కాదు’ అంటే తేడా లేనట్టేనా?

ఇప్పుడు నర్సింగ్ పనికి మరింత దగ్గరైన ఉదాహరణ చూద్దాం. మంచం దిగలేని రోగికి నడుము కింద, మడమల దగ్గర పడక పుండ్లు వస్తాయి. గాలి నిండుతూ తగ్గుతూ ఒత్తిడిని మార్చే ఎయిర్ బెడ్ మేలా, మేలు రకం ఫోమ్ పరుపు మేలా అన్న ప్రశ్నతో బ్రిటన్‌లో ‘ప్రెషర్ 2’ అనే ప్రయోగం జరిగింది. 2013 నుంచి 2016 వరకు 2029 మంది రోగులను చేర్చుకొన్నారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రెండో దశ లేదా అంతకు మించిన కొత్త పుండు ఎయిర్ బెడ్ సమూహంలోని 1016 మందిలో 70 మందికి (6.9 శాతం), ఫోమ్ సమూహంలోని 1013 మందిలో 90 మందికి (8.9 శాతం) వచ్చింది. పి విలువ 0.089.

హద్దు 0.05 కాబట్టి ‘సార్థకం కాదు’. తేడా ఉందనడానికి తగినంత ఆధారం దొరకలేదని పరిశోధకులు జాగ్రత్తగా చెప్పారు. ఈ వాక్యాన్ని ‘రెండు పరుపుల మధ్య తేడా లేదని రుజువైంది’ అని మార్చి రాయడం విద్యార్థులు తరచుగా చేసే తప్పు. ఆధారం దొరకకపోవడం వేరు, లేదని రుజువు కావడం వేరు.

తేడా 2 శాతం. అంటే 50 మందికి ఎయిర్ బెడ్ ఇస్తే ఒక పుండు తప్పవచ్చు. ఈ అంకెలకు మీరు గత పాఠంలో నేర్చుకొన్న రెండు అనుపాతాల తేడా సూత్రాన్ని ఉపయోగించండి. ప్రామాణిక దోషం సుమారు 1.2 శాతం వస్తుంది. దాన్నిబట్టి 95 శాతం విశ్వాసాంతరం ఇలా ఉంటుంది: ఎయిర్ బెడ్ వల్ల వెయ్యి మందిలో 43 పుండ్లు తగ్గడం నుంచి, మూడో నాలుగో పుండ్లు పెరగడం వరకు. ఈ అంతరంలో ఎక్కువ భాగం మేలు వైపే ఉంది. అయితే మేలు లేకపోయే అవకాశాన్ని కూడా అది తోసిపుచ్చలేదు. ‘సార్థకం కాదు’ అన్న ముద్ర కంటే ఈ అంతరం మనకు ఎంత ఎక్కువ చెబుతున్నదో గమనించండి.

ఈ ప్రయోగాన్ని మన వార్డులకు అన్వయించేటప్పుడు మరో సంగతి మరవకూడదు. అక్కడ ఎయిర్ బెడ్‌ను పోల్చింది మేలు రకం ఫోమ్ పరుపుతో. మామూలు దూది పరుపుతోనో, అరిగి గుంటలు పడిన పరుపుతోనో కాదు. కాబట్టి ‘ఎయిర్ బెడ్ దండగ అని బ్రిటన్‌లో తేలింది’ అని ఎవరైనా కొనుగోలు ఆపితే, ఆ ప్రయోగం చెప్పని మాటను దానికి అంటగట్టినట్టే. అలాగే ఎయిర్ బెడ్ వేశాం కదా అని రోగిని పక్కకు తిప్పడం, చర్మం పరీక్షించడం మానేయడానికి కూడా ఈ ఫలితం ఆధారం కాదు.

7. చాలినంత మేలు ఎంతో ఎవరు చెప్పాలి?

మేలు ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్నకు సాంఖ్యకశాస్త్రంలో జవాబు లేదు. 1989లో జేష్కె, సింగర్, గయాట్ అనే పరిశోధకులు ‘కనీస చికిత్సా ప్రాముఖ్య భేదం’ అన్న భావనను ప్రతిపాదించారు. రోగి తనకు మేలుగా గుర్తించగలిగిన, చికిత్స మార్చడానికి తగినంతగా తోచే అతి చిన్న తేడా అని దాని సారాంశం. దీనిలో కీలకం రోగి దృష్టి. నొప్పి తగ్గిందో లేదో చెప్పవలసింది నొప్పి పడుతున్న మనిషే.

ఈ హద్దును ప్రయోగం మొదలుకాక ముందే నిర్ణయించి రాసిపెట్టాలి. ఎంతమంది రోగులు కావాలన్న లెక్కను కూడా దాని మీదే కట్టాలి. ఫలితం చూశాక హద్దు గీస్తే, బాణం గుచ్చుకొన్న చోటునే గురి అని చెప్పుకొన్నట్టు ఉంటుంది. హద్దు ముందే ఉంటే ప్రయోగం అతి చిన్న తేడాను గొప్పగా చూపించదు, పెద్ద తేడాను చేజార్చుకోదు.

ఈ హద్దు అన్ని చోట్లా ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఖర్చు లేని, హాని లేని పనికి చిన్న మేలు చాలు. చేతులు కడుక్కోవడం వల్ల వెయ్యి మందిలో ఇద్దరికి ఇన్‌ఫెక్షన్ తప్పినా అది చేయదగిన పనే. విరేచనాలు, దద్దుర్లు, అప్పులు తెచ్చిపెట్టే మందుకు మాత్రం అంతకంటే చాలా పెద్ద మేలు కావాలి.

8. సారాంశం

సాంఖ్యక సార్థకత ‘ఈ తేడాను యాదృచ్ఛికమని కొట్టిపారేయగలమా’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. చికిత్సా సార్థకత ‘ఈ తేడా రోగి బతుకులో లెక్కలోకి వస్తుందా’ అన్న ప్రశ్నకు సంబంధించింది. మొదటిదాని జవాబును రెండోదానికి వాడకూడదు. ఎర్లోటినిబ్ ప్రయోగంలో మొదటి ప్రశ్నకు ‘అవును’ వచ్చినా రెండో ప్రశ్నకు జవాబు సందేహంగానే మిగిలింది. పరుపుల ప్రయోగంలో మొదటి ప్రశ్న తేలలేదు, కాని రెండో ప్రశ్న సజీవంగానే ఉంది.

ఏ పరిశోధన చదివినా ఈ వరుసలో అడగండి: తేడా ఎంత? విశ్వాసాంతరం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉంది? ఎంతమందికి చికిత్స చేస్తే ఒకరికి మేలు? హాని ఏమిటి? దేనితో పోల్చారు? చాలినంత మేలు ఎంతో ముందే చెప్పారా? ఈ ప్రశ్నల తరవాతే పి విలువ వైపు చూడండి. మీరు రాసే నివేదికలో ‘సార్థకం’ అన్న మాటను ఒంటరిగా వదలకండి. ‘సాంఖ్యకంగా’ అన్న విశేషణాన్ని ముందు, తేడా ఎంతో తెలిపే అంకెను వెనక తప్పనిసరిగా చేర్చండి.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక నొప్పి మాత్ర వల్ల 10 పాయింట్ల కొలబద్దపై నొప్పి 0.2 పాయింటు తగ్గింది. పి విలువ 0.001. ఈ ఫలితాన్ని రోగికి మీరు ఏ మాటల్లో చెబుతారు?

2. ‘పి విలువ 0.09 కాబట్టి రెండు చికిత్సలూ సమానం’ అన్న వాక్యాన్ని సరిచేసి రాయండి.

3. ఏడాది నాటి బతుకు 17 శాతం నుంచి 23 శాతానికి పెరగడం, మధ్యగతం పది రోజులు పెరగడం: ఒకే ప్రయోగంలోని ఈ రెండు అంకెలలో ఒకదాన్నే చెబితే పాఠకుడికి ఏ నష్టం జరుగుతుంది? పది పంక్తులలో చర్చించండి.

4. మీరు పనిచేసే చోట లేదా మీకు తెలిసిన వార్డులో ‘ప్రెషర్ 2’ ఫలితాన్ని అన్వయించే ముందు ఏయే వివరాలు సేకరించాలి?